లైన్‌బ్యాకర్‌కి బరువు ముఖ్యమా, వేగం ముఖ్యమా? మా అబ్బాయి విషయంలో సలహా కావాలి

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్తే. మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్లో పదో తరగతి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, పొజిషన్ లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్‌లో ముందు వరుస వెనక నిలబడి, బంతితో వచ్చేవాణ్ని పట్టేవాడు. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, బరువు 192 పౌండ్లు. నలభై యార్డులు 4.7 సెకన్లలో పరిగెడుతున్నాడని స్కూల్ కోచ్ చెప్పారు. అది చేత్తో స్టాప్‌వాచ్ నొక్కి చూసిన టైమ్. కాలేజీలో ఆడాలని వాడికి చాలా పట్టుదలగా ఉంది, మాకూ ఇష్టమే.

మేం డబ్బు కట్టి పంపే ప్రైవేట్ ట్రైనర్ ఒకాయన ఉన్నాడు. "వేసవి అయ్యేసరికి 225 ఉండాలి, లేకపోతే కాలేజీవాళ్లు వీడియో కూడా తెరవరు" అంటాడు. రోజుకు ఆరుసార్లు తినమని చార్టు రాసిచ్చాడు. పొద్దున్నే గుడ్లు, ఓట్స్. స్కూల్లో రెండు శాండ్‌విచ్‌లు. ఇంటికి రాగానే చికెన్, అన్నం. మళ్లీ రాత్రి పడుకోబోయే ముందు పీనట్ బటర్ కలిపిన పెద్ద షేక్. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. మనవడు బాగా తింటున్నాడని మొదట మురిసిపోయింది. ఇప్పుడు వాడు షేక్ గ్లాసు ముందు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటే ఆవిడకీ బెంగగా ఉంది.

181 నుంచి 192కి వచ్చాడు. కానీ స్ప్రింగ్ ప్రాక్టీస్‌లో ఒకటి గమనించాను. ఇదివరకు సైడ్‌లైన్ దగ్గర ఎదురెళ్లి పట్టేసే రన్నింగ్ బ్యాక్‌నే (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఇప్పుడు వెనకనుంచి తరుముతున్నాడు. స్కూల్ కోచ్ "వేగం పోగొట్టుకోవద్దు" అంటారు. ట్రైనర్ "వేగం తర్వాత వస్తుంది, ముందు ఒళ్లు చేయాలి" అంటాడు. ఇద్దరి మధ్యా పిల్లాడు నలిగిపోతున్నాడు. ఈ ఆట తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (కొలంబస్, ఒహాయో)

బ్రదర్, నా ఓటు సైజుకే. ఇక్కడ ఎం.ఎస్. చేసినప్పటినుంచి బిగ్ టెన్ కాలేజీ లీగ్ ఆటలు చూస్తున్నాను. నవంబర్ చలిలో, బంతి చేతిలోంచి జారిపోయే వాతావరణంలో, మధ్యలోంచి పదే పదే రన్ కొడుతుంటే తట్టుకోవాల్సింది లైన్‌బ్యాకరే. రన్నింగ్ బ్యాక్‌కి దారి చేసే 310 పౌండ్ల గార్డ్ వచ్చి రెండు చేతులతో ఛాతీ మీద పట్టు దొరికించుకున్నాక వేగంతో చేసేదేముంది?

2013 జనవరి 7న కాలేజీల నేషనల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ గుర్తుందా? ఆలబామా 42, నోటర్ డామ్ 14. ఆలబామా లైన్‌లో చాన్స్ వార్మాక్, డీజే ఫ్లూకర్ ఇద్దరూ ఆ ఏడాదే డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునేచోట, ఫస్ట్ రౌండ్‌లోనే ఎంపికయ్యారు. వాళ్ల వెనక ఎడ్డీ లేసీ 140 యార్డులు పరిగెత్తాడు. అది పూర్తిగా బలం ఆట. డిక్ బట్‌కస్ 1960ల్లో ఇలినాయ్‌లో ఆడినప్పుడే 245 పౌండ్ల మనిషి. ఊరికే ఆయన పేరు మీద బెస్ట్ లైన్‌బ్యాకర్ అవార్డు పెట్టలేదు కదా. అబ్బాయిని తిననివ్వండి.

జవాబు (హ్యూస్టన్ దగ్గర)

నేను హ్యూస్టన్ శివార్లలో ఒక పబ్లిక్ స్కూల్లో లెక్కలు చెబుతాను. సాయంత్రాలు అదే స్కూల్ టీమ్‌లో లైన్‌బ్యాకర్లను చూసుకుంటాను. సొంతూరు తెనాలి దగ్గర. ఈ పొజిషన్ అంటే నాకు ప్రాణం, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు ఒహాయో మిత్రుడు చెప్పిన మ్యాచ్ సంగతి. ఆ రోజు నోటర్ డామ్ డిఫెన్స్ మధ్యలో నిలబడ్డది మాంటై టేయో. ఆయన చిన్న మనిషేం కాదు. కొన్ని వారాలకు కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షలు) తూస్తే 241 పౌండ్లు. బరువే కాపాడేటట్టయితే ఆ రోజు కాపాడాలి. లేసీ ఒక్క అడుగు పక్కకు వేసేసరికి ఎన్నోసార్లు ట్యాకిల్ తప్పిపోయింది. అదే కంబైన్‌లో టేయో నలభై యార్డులు 4.82 సెకన్లలో పరిగెత్తాడు. ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ అవార్డు ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచిన ఆటగాడు, డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌కి, 38వ పిక్‌కి జారిపోయాడు. ఆయన చుట్టూ బయటి గొడవలు కూడా నడిచాయనుకోండి, కానీ ఆ 4.82 గురించి మాట్లాడనివాళ్లు లేరు.

కాలేజీ ఆటలో వేగానికి ఎందుకంత విలువో మైదానం కొలతల్లోనే ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతి పెట్టే హ్యాష్ మార్కుల మధ్య దూరం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాలేజీలో 40 అడుగులు. అంటే కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒకవైపు 60 అడుగులు, రెండోవైపు 100 అడుగుల ఖాళీ. ఆ 100 అడుగుల వైపు పాస్ అందుకునే రిసీవర్లను ముగ్గురిని నిలబెట్టి ఆడితే, అటు ఉన్న లైన్‌బ్యాకర్ ఎంత మేర కాయాలో ఊహించండి. అక్కడ ఒళ్లు బరువైన కుర్రాడిని పెడితే మొదటి క్వార్టర్‌లోనే అవతలి కోచ్ కనిపెట్టేస్తాడు, ఆట అయిపోయేదాకా అటే కొడతాడు. 60 అడుగుల వైపు కథ వేరు. అక్కడ చోటు తక్కువ, ఢీకొట్టడం ఎక్కువ. కాస్త భారీ మనిషి అక్కడ బాగా పనికొస్తాడు. అందుకే "లైన్‌బ్యాకర్‌కి ఎంత బరువు ఉండాలి" అని ఎవరైనా అడిగితే, ఏ వైపు లైన్‌బ్యాకర్ అని నేను తిరిగి అడుగుతాను. మధ్యలో ఉండే మైక్‌కి, బలహీనమైన వైపు ఉండే విల్‌కి ఒకే అంకె చెప్పడం కుదరదు.

ఇంకోటి, ఆర్పీఓ. రన్నా, పాసా అన్నది ఆట మొదలయ్యాకే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) తేల్చుకునే పద్ధతి. ఈ ఆట మన పిల్లల్ని ఎలా ఇరికిస్తుందో చెబుతాను. స్నాప్ అయింది, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందింది. ఎదురుగా గార్డ్ రన్ బ్లాక్‌కి లేచాడు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి ఇంకా వదల్లేదు. వాడి చూపంతా మీవాడి మీదే. మీవాడు రన్ అనుకుని ముందుకు ఒక అడుగు వేశాడా, బంతి వెనక్కి లాగి మీవాడి వెనక ఖాళీలోకి స్లాంట్ (ఏటవాలుగా పరిగెత్తే రిసీవర్‌కి చిన్న పాస్) విసిరేస్తాడు. అడుగు వేయకుండా ఆగాడా, బంతి ఇచ్చేస్తాడు, రన్ ఆరు యార్డులు పోతుంది. పైగా కాలేజీ రూల్ ప్రకారం పాస్ వేసే ఆటలో కూడా లైన్‌మెన్ మూడు యార్డులదాకా ముందుకు రావచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే ఒక్క యార్డే. గార్డ్ అంత ముందుకు వచ్చి మీద పడుతుంటే ఎవరైనా రన్ అనే అనుకుంటారు. ఆ సగం సెకనులో 225 పౌండ్లు ఏ సాయమూ చేయవు. ఒక అడుగు పొరపాటుగా వేసినా వెంటనే ఆగి, నడుము తిప్పి, వెనక్కి దూకగలిగే కాళ్లు ఉండాలి.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. 1980ల్లో మయామీలో కోచ్ జిమ్మీ జాన్సన్ అందరికన్నా వెనక కాసే సేఫ్టీలను తెచ్చి లైన్‌బ్యాకర్లుగా నిలబెట్టాడు, లైన్‌బ్యాకర్లను ముందు వరుస చివర్లో ఉండే డిఫెన్సివ్ ఎండ్‌లుగా చేశాడు. ఓక్లహోమా విష్‌బోన్ అనే రన్ ఆటకు దేశమంతా హడలిపోతున్న రోజులవి. ఆ ఓక్లహోమాను మయామీ వరుసగా మూడు సీజన్లు ఓడించింది. మూడోసారి 1988 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో 20-14తో గెలిచి నేషనల్ ఛాంపియన్ అయింది. తర్వాత మీ పక్కనే ఫోర్ట్ వర్త్‌లో, టీసీయూలో (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) కోచ్ గ్యారీ ప్యాటర్సన్ అదే పద్ధతి పట్టుకున్నాడు. ఇద్దరే లైన్‌బ్యాకర్లు, వెనక ఐదుగురు. పెద్ద కాలేజీలు వద్దనుకున్న చురుకైన కుర్రాళ్లను తెచ్చుకుని, వాళ్ల పొజిషన్లు మార్చి, ఏళ్లతరబడి గెలిచాడు.

ఆ టీసీయూ ఆట ఒకటి మీ అబ్బాయికి తప్పకుండా చూపించండి. 2011 జనవరి 1, రోజ్ బౌల్, అవతల విస్కాన్సిన్. ఆ లైన్‌లో అందరూ 300 పౌండ్లు దాటిన భారీ మనుషులు. చివరి రెండు నిమిషాల్లో విస్కాన్సిన్ టచ్‌డౌన్ చేసి 21-19కి వచ్చింది. టచ్‌డౌన్ తర్వాత దొరికే ఒక్క ఆటలో రెండు పాయింట్ల కన్వర్షన్ చేస్తే సమం. టీసీయూ లైన్‌బ్యాకర్ ట్యాంక్ కార్డర్ పని ముందుకు దూసుకెళ్లి క్వార్టర్‌బ్యాక్‌ని పట్టడం. వెళ్లాడు, బ్లాకర్ ఆపేశాడు. చాలామంది అక్కడే ఇంకా తోస్తూ ఉండిపోతారు. ఇతను తోయడం మానేసి ఒకటి రెండు అడుగులు వెనక్కి వేశాడు. విసిరే చేయి లేవడం చూసి ఎగిరి, బంతిని చేత్తో కొట్టి పడేశాడు. టీసీయూ ఆ సీజన్ ఒక్క మ్యాచ్ ఓడకుండా 13-0తో ముగించింది. వీడియో ఆపి ఆపి చూపించండి. బ్లాకర్‌తో తలపడుతూనే అతని కళ్లు ఎక్కడున్నాయో గమనించమనండి.

నా అసలు మాట ఇక్కడుంది. ఎదుటివాడి కదలికను కంటితో చదవడం ఒకసారి వచ్చాక 4.7 మనిషి 4.5 మనిషికన్నా ముందు బంతి దగ్గరికి చేరతాడు. నేను తెనాలిలో కాలేజీ రోజుల్లో కబడ్డీ కార్నర్ ఆడేవాణ్ని. రైడర్ చేతులు ఎన్ని నాటకాలైనా ఆడతాయి, నడుము మాత్రం అబద్ధం చెప్పదు. అక్కడ నేర్చుకున్నదాన్నే ఇక్కడి పిల్లలకి చెబుతాను: రన్నింగ్ బ్యాక్ భుజాలు చూడొద్దు, నడుము చూడు. లైన్‌బ్యాకర్ శామ్ మిల్స్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలే, ఆడింది మాంట్‌క్లెయిర్ స్టేట్ అనే చిన్న కాలేజీలో. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. మన టెక్సస్ టెక్ జాక్ థామస్ సరిగ్గా మీవాడి ఎత్తే, 5 అడుగుల 11. 1996 డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌దాకా ఎవరూ తీసుకోలేదు. 2023లో ఆయనా హాల్ ఆఫ్ ఫేమ్. బోస్టన్ కాలేజీ ల్యూక్ కీక్లీ మూడే సీజన్లలో 532 ట్యాకిల్స్ చేశాడు. ఆయనకి సైజు, వేగం రెండూ ఉన్నాయి, కాదనను. కానీ ఆయన ఆట చూస్తే, మిగతావాళ్లు కదలకముందే కదలడం కనిపిస్తుంది.

రెండూ పుష్కలంగా ఉన్న మనిషిని చూడాలంటే క్లెమ్‌సన్ ఐజేయా సిమన్స్. 238 పౌండ్లు, నలభై యార్డులు 4.39. 2019 బట్‌కస్ అవార్డు, డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్. అయినా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక పొజిషన్‌లో కుదురుకోలేదు, ఆరిజోనా 2023లో వేరే టీమ్‌కి ఇచ్చేసింది. 2021లో నేషనల్ ఛాంపియన్ అయిన జార్జియాలో నకోబీ డీన్ చూడండి. 5 అడుగుల 11, 229 పౌండ్లు. పక్కన ఆడిన క్వే వాకర్ 6 అడుగుల 4, 241. బట్‌కస్ అవార్డు డీన్‌కి వచ్చింది. డ్రాఫ్ట్‌లో మాత్రం వాకర్ ఫస్ట్ రౌండ్, డీన్ థర్డ్ రౌండ్. కాలేజీలో ఆడటానికి ఏది అవసరమో, ప్రొఫెషనల్ టీమ్‌లు ఏది కొంటాయో, రెండూ వేరని దీన్నిబట్టే తెలుస్తుంది. మీకు ఇప్పుడు కావాల్సింది మొదటిది.

ఇక మీవాడి సంగతి. కాలేజీ చివరికొచ్చేసరికి 225 ఉండటం మామూలే, ఆ అంకెను నేను తప్పుపట్టను. ఈ వేసవికే కావాలనడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. కాలేజీలో చేరాక వాళ్ల వెయిట్ రూమ్, వాళ్ల వంటగది ఉంటాయి, బరువు పెంచడం వాళ్లకి చేతనైన పని. కాళ్ల వేగం మాత్రం కుర్రాడు తనతో తీసుకెళ్లాల్సిందే. నలభై యార్డుల టైమ్ వదిలేయండి, లైన్‌బ్యాకర్ ఒక ఆటలో అంత దూరం తిన్నగా పరిగెత్తడం అరుదు. మొదటి పది యార్డుల టైమ్ కొలవండి, నెలకోసారి, ఒకే చోట, ఒకే బూట్లతో. బరువు పెరిగినా ఆ టైమ్ అలాగే ఉంటే పెరిగింది కండ. టైమ్ చెడిందంటే తిండి కాదు, ఆ చార్టు మార్చాలి. మీరు చెప్పిన సైడ్‌లైన్ సంగతి చూస్తే ఆ రోజు వచ్చేసినట్టే ఉంది.

ప్రశ్న అడిగినవారు (ఫ్రిస్కో)

సార్, మీ జవాబు వాడికి మొత్తం చదివి వినిపించాను. తెలుగు చదవడం రాదు, అర్థమవుతుంది. కార్డర్ ఆట చూస్తూ పడుకోవడం లేదు. రెండు సందేహాలు. మన ఇండియన్ ఒంటి తత్వమే ఇంత, ఎంత తిన్నా కాలేజీ సైజు రాదని ఇక్కడ మా బంధువు ఒకాయన వాడి ముందే అన్నాడు, అది వాడి మనసులో పడిపోయింది. రెండోది, మా ఆవిడ శాకాహారి, ఇంట్లో మాంసం వారానికి రెండుసార్లే వండుతాం. దానివల్ల వెనకబడతాడా?

జవాబు (డాక్టర్, న్యూజెర్సీ)

అండీ, నేను పిల్లల డాక్టర్‌ని. ఇంత గబగబా బరువు పెంచాలని బలవంతంగా తినిపిస్తే అందులో కొవ్వే ఎక్కువ. వ్యాయామం చేసే పదహారేళ్ల అబ్బాయికి నెలకు ఒకటి రెండు పౌండ్లు పెరిగితే చాలు. వెనకబడటం మాంసం లేకపోవడంవల్ల కాదు, నిద్ర లేకపోవడంవల్ల జరుగుతుంది. ఆ రాత్రి షేక్ కోసం మేలుకోబెట్టకండి. పెసరట్టు, పనీర్, పెరుగు, గుడ్లు, పప్పు కాస్త చిక్కగా. రోజు మొత్తానికి సర్దితే ప్రొటీన్ సరిపోతుంది.

రెండు జాగ్రత్తలు. ఆగస్టులో టెక్సస్ ఎండలో ప్రాక్టీస్ మొదలవుతుంది. ఒంట్లో కొత్తగా చేరిన కొవ్వుతో, హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని పరిగెడితే వడదెబ్బ ప్రమాదం పెరుగుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ట్రైనర్ ఏ పొడి డబ్బా ఇచ్చినా మీద "ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్" గుర్తు ఉందో లేదో చూడండి. రేపు కాలేజీలో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంస్థ) టెస్టులో నిషేధించిన పదార్థం ఏదైనా దొరికితే, డబ్బాలో ఉందని నాకు తెలియదంటే ఒప్పుకోరు. అంత తినడంవల్ల కడుపు నొప్పి లాంటిదేమైనా ఉంటే ఒకసారి మీ డాక్టర్‌కి చూపించండి.

జవాబు (కొలంబస్, ఒహాయో)

టేయో 241 అన్న మాట ఒప్పుకుంటాను. కానీ బిగ్ టెన్‌లో 60 అడుగుల వైపు ఆడటానికి ఇప్పటికీ భారీ మనిషే కావాలని నా పట్టు నాది. అబ్బాయికి ఆల్ ది బెస్ట్.

జవాబు (హ్యూస్టన్ దగ్గర)

60 అడుగుల వైపు సంగతి నేనూ అదే అన్నాను, మన ఇద్దరికీ తగాదా లేదు.

ఫ్రిస్కో నాన్నగారికి. ఆ బంధువు మాటకి జవాబుగా బ్రాండన్ చిల్లర్ పేరు చెప్పండి. తండ్రి భారతీయుడు. యూసీఎల్‌ఏలో లైన్‌బ్యాకర్, ఎత్తు 6 అడుగుల 3. 2004 డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకుంది, తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఆడాడు. మనవాళ్ల ఒంటి తత్వం అంటూ పిల్లాడి ముందు తీర్పులు చెప్పేవాళ్లని దయచేసి ఆపండి. పదహారేళ్లవాడికి అలాంటి మాట బరువుకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఒకటే టీమ్‌ని మనసులో పెట్టుకోవద్దు. కింది అంచెలోని డివిజన్ త్రీ కాలేజీలు అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, కానీ చదువు బాగుంటే వేరే సాయం దొరుకుతుంది, అక్కడి ఆట కూడా మంచి ఆటే. ఎఫ్‌సీఎస్ (డివిజన్ వన్‌లో రెండో అంచె) టీమ్‌లు 205, 210 పౌండ్ల చురుకైన విల్ కోసం వెతుకుతుంటాయి. వసంతంలో ట్రాక్ టీమ్‌లో వంద మీటర్లు పరిగెత్తించండి. కాలేజీ కోచ్‌లు స్టాప్‌వాచ్ టైమ్‌కన్నా ట్రాక్ మీట్‌లో మెషీన్ చూపించిన టైమ్‌నే నమ్ముతారు. కుస్తీ టీమ్ ఉంటే అందులోనూ చేర్చండి. నడుము కిందకి దించి ఎదుటివాడిని పట్టడం అక్కడ వచ్చినంత బాగా ఇంకెక్కడా రాదు.

వీడియో పంపేటప్పుడు చాలామంది తండ్రులు పెద్ద పెద్ద హిట్లు మాత్రమే ఏరి, పాట పెట్టి పంపుతారు. అలా వద్దు. స్నాప్‌కి ముందు రెండు సెకన్లు ఉంచండి, అబ్బాయి నిలబడ్డ తీరు, చూపు, మొదటి అడుగు కనిపించాలి. పాస్ కవరేజ్‌లో వెనక్కి పరిగెత్తిన ఆటలు నాలుగైనా పెట్టండి, బంతి అటు రాకపోయినా సరే. మొదటి ఐదు క్లిప్పుల్లో ఒకటి తప్పకుండా ఆర్పీఓ మీద ఉండాలి. తయారుచేశాక నాకు పంపండి, కోచ్‌లకి వెళ్లేముందు నేను ఒకసారి చూసి చెబుతాను.